కోరలయ్య నోట్లో పరాయి పన్ను

పోయినవారం భాగాన్ని ఆపిన చోటు గురించి నాకు పదకొండు ఉత్తరాలొచ్చాయి. పదీ తిట్లే. పదకొండోది రాసినావిడ, "సరిగ్గా దీపం వెలిగించే సమయానికి కథ ఆపేస్తారా? మీరు రాసుకునేటప్పుడు మీ ఇంట్లో కరెంటు పోను" అని శాపనార్థాలు పెట్టారు. ఆవిడ నోటి చలవ, మొన్న నిజంగానే పోయింది. కాబట్టి ఈసారి నాన్చను. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి నేరుగా ఆ చీకటి గదిలోకి వెళ్ళిపోదాం.

మన కథంతా జరిగేది ఒక శిలాజాల దుకాణంలో. గనుల్లో రాళ్ళు కొట్టేవాళ్ళకి పలకల మధ్య కోట్ల ఏళ్ళనాటి చేపలు దొరుకుతుంటాయి. వాటిని తెచ్చుకుని, చుట్టూ ఉన్న రాయిని సూదులతో గోకి చేపని బయటికి తీసి, ఇలాంటివి సేకరించే పిచ్చి ఉన్నవాళ్ళకి అమ్ముతారు. ఆ పనిలో చెయ్యి తిరిగినవాడు పెద్దమేస్త్రీ. ఆ చెయ్యి వణకడం మొదలై రెండేళ్ళయింది. అప్పట్నుంచీ సూది పనంతా ఒక్కతే చూసుకునేది ఆయన కూతురు. ఆమెని అందరూ చిన్నమేస్త్రీ అంటారు. ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్ళకి కబుర్లు చెప్పేదీ, బయటికి వెళ్ళే ప్రతి కాగితాన్నీ పైకి చదివి ముద్ర కొట్టేదీ పెద్దమేస్త్రీ చెల్లెలు. అంటే చిన్నమేస్త్రీకి మేనత్త.

ఇక ఆ ముందుగది గోడని ఏళ్ళ తరబడి ఏలుతున్నవాడు కోరలయ్య. నాలుగడుగుల రాతిపలకలో పక్కకి తిరిగి పడుకున్న వేటచేప. దవడ ముందు చూపుడువేలంత కోరలు రెండు, వాటి వెనక వరసగా చిన్న పళ్ళు. కనిపించినదాన్నల్లా మింగిన బతుకు అతనిదని చెప్పడానికి పొట్ట దగ్గర ఓ చిన్న చేప ముళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి.

కోరలయ్య మీద పన్నెండేళ్ళుగా కన్నేసిన పెద్దమనిషి పళ్ళ డాక్టరు. తన దగ్గర అరిగిపోయిన, పళ్ళు గీకే సన్నటి కొక్కేలన్నీ ఈ దుకాణానికే తెచ్చిస్తారు. రాయి గోకడానికి వాటిని మించినవి లేవు. తెచ్చినప్పుడల్లా కోరలయ్య కింద కుర్చీ వేసుకుని, "ఎంత చక్కటి వరసండీ, ఒక్కటి పుచ్చలేదు" అని మురిసిపోతారు. తన క్లినిక్‌లో కుర్చీకి ఎదురుగా దీన్ని తగిలిస్తే, వచ్చినవాళ్ళకి తమ పంటినొప్పి ఎంత చిన్నదో తెలిసొస్తుందని ఆయన వాదన.

ఇన్నాళ్ళూ ససేమిరా అన్న పెద్దమేస్త్రీ నెల కిందట ఉన్నట్టుండి సరేనన్నాడు. డబ్బు కోసం కాదు. కూతురు మూడేళ్ళుగా ఒక్కతే కూర్చుని బయటికి తీస్తున్న తన సొంత చేప పూర్తవబోతోంది. గోడ ఒకటే ఉంది. "నాది దిగితేనే నీది ఎక్కుతుంది" అన్నాడు. నాకేం వద్దని కూతురు, కావాలని తండ్రి, మూడు వారాల పాటు పోట్లాడుకోవడం మీరు చదివారు. కూతురు ఓడిపోయింది.

ఓడిపోయాక చేయాల్సిన పని చేసింది. కోరలయ్యని గోడ మీంచి దించింది. పాత లక్క పూతని దూదితో తుడిచింది. పంపేముందు ప్రతి చేపనీ చూసినట్టే, నల్లతెర వెనక నీలిదీపం కింద పెట్టింది. ఆ దీపం కింద అసలు శిలాజం మసకగా, గోధుమరంగులో ఉండిపోతుంది. మనిషి చెయ్యి చేర్చినదేదైనా ఉంటే రంగు మారి పట్టుబడిపోతుంది. పదిహేడు పళ్ళు గోధుమరంగులోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం తెల్లగా ధగధగలాడింది.

అక్కడ నేను ఆపాను, మీరు తిట్టారు.

*

చిన్నమేస్త్రీ మొదట జిగురనుకుంది. భూతద్దం పెట్టి చూసింది. జిగురైతే అంచుల్లో కారినట్టుంటుంది. ఇది కారలేదు. సున్నం ముద్దయితే నున్నగా ఇలా మెరవదు. ఇంకాస్త వంగింది. చిన్న పన్ను. కొన దగ్గర కొద్దిగా అరిగింది, నమిలి నమిలి అరిగినట్టు. చేప నమలదు, మింగుతుంది.

ఆమె కాసేపు అలాగే వంగి ఉండిపోయింది. వెన్ను పట్టేశాక గానీ నిటారుగా నిలబడలేదు.

"నాన్నా, ఓసారి ఇలా రా."

పెద్దమేస్త్రీ వెనకగదిలో కింద కూర్చుని, కోరలయ్య ప్రయాణానికి పాత బొంతలు చింపుతున్నాడు. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, నల్లతెర పక్కకి తోసుకుని లోపలికొచ్చాడు.

"ఏమ్మా, పగుళ్ళేమైనా కనిపించాయా?"

ఆమె వేలు పెట్టి చూపించింది. ఆయన చూశాడు. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. నేనే గనక అక్కడ ఉంటే ఆ కళ్ళద్దాలు తుడిచిన తీరు చూసే దొంగని పట్టేసేవాణ్ణి.

"జిగురేమోలే."

"జిగురు ఇలా మెరవదని నాకు నేర్పింది నువ్వే."

"పాత లక్క మిగిలిందేమో."

"లక్క మొత్తం నేనే తుడిచాను. ఈ పన్ను దగ్గర మాత్రం దూదికి గోధుమరంగు అంటింది. లక్కలో రంగెందుకుంటుంది నాన్నా?"

ఆయన ముక్కాలిపీట వెతుక్కుని కూర్చున్నాడు. నీలి వెలుగులో ఆయన తెల్ల మీసం కూడా పన్నులాగే మెరుస్తోంది. ఇంకో సమయంలో అయితే కూతురు దాన్ని చూసి నవ్వేది.

"ఇది పాలపన్ను" అంది. "కోరపన్ను. డాక్టరు గారు పన్నెండేళ్ళుగా టీ తాగుతూ ఇవే కదా చెప్తున్నారు. నిద్రలో లేపి అడిగినా గుర్తుపడతాను. ఇక ఆయన సంగతి చెప్పాలా? నాలుగింటికి వస్తారు. సంచిలో భూతద్దం లేకుండా ఆయన గుమ్మం దాటరు. అరనిమిషం చాలు ఆయనకి."

"ఊ."

"ఊ ఏంటి నాన్నా!"

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. పూర్తయిన ప్రతి చేపకీ బొమ్మ గీస్తారు. మేస్త్రీ చెయ్యి చేర్చిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో నింపుతారు. విరిగిన తోక అతికిస్తే తోక ఎర్రన, పోయిన ముల్లు సున్నంతో పోస్తే ఆ ముల్లు ఎర్రన. ఆ ఎర్రపటాన్ని పలక వెనక అంటించి మరీ ఇస్తారు. సగం చేప ఎర్రగా ఉన్నా కొన్నవాళ్ళున్నారు. ఎర్రపటం లేనిది ఒక్క కోరలయ్యకే. అతని ఒంట్లో ఒక్క అతుకు కూడా లేదని, దొరికినవాడు దొరికినట్టే ఉన్నాడని పెద్దమేస్త్రీ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

చిన్నమేస్త్రీకి కోపం ఇప్పుడొచ్చింది. అది తెల్లపన్ను చూసి వచ్చిన కోపం కాదు, పాత సంగతొకటి గుర్తొచ్చి వచ్చింది.

"నాకు పందొమ్మిదేళ్ళప్పుడు ఒక రెక్కముల్లు సున్నంతో పోసి ఎర్రగా గీయడం మర్చిపోయాను. గుర్తుందా? వెంట్రుకంత ముల్లు. చేప అమ్ముడుపోయి వెళ్ళిపోయింది కూడా. నువ్వు ఊరుకున్నావా? ఎర్ర పెన్సిలు చేతిలో పెట్టి పంపించావు. రెండు రైళ్ళు మారి, ఆయన ఇల్లు వెతుక్కుని, క్షమించమని అడిగి, వాళ్ళ హాల్లో నిలబడి ఆ ముల్లు ఎర్రగా గీసొచ్చాను. ఆయన నవ్వారు. నేను దారిపొడుగునా ఏడ్చాను. వెంట్రుకంత ముల్లుకి! ఇక్కడేమో ఏకంగా పన్నే ఉంది."

"తప్పే."

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఒప్పుకున్న మనిషిని ఇంకా ఎలా తిట్టాలో ఆమెకి చేతకాదు. గొంతు తగ్గింది. మళ్ళీ ఆ పన్ను వైపు చూసింది. ఎంత చిన్నదో. అప్పుడొక ఆలోచన వచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

"నాదా నాన్నా?"

అవునంటే సరిపోయేది. ఆ క్షణంలో ఆమె అలాగే నమ్మేది, ఎర్రగా గీసి నవ్వుకుంటూ సంతకం పెట్టేసేది, జన్మంతా ఆ మాట తలుచుకుని మురిసిపోయేది. ఆయన నోటి దాకా వచ్చింది కూడా. పెదాలు కదిలాయి.

"కాదు తల్లీ" అన్నాడు.

*

సరిగ్గా అప్పుడే ముందుగదిలో గుమ్మం గంట మోగింది. గోడ గడియారంలో ఇంకా మూడున్నరే.

"రండి రండి డాక్టర్ గారూ! నాలుగన్నారు కదా?" అత్త గొంతు.

"ఇంట్లో కాలు నిలవలేదండీ. వ్యాన్ కూడా తెచ్చాను. ఇదిగో, దుప్పటి."

"అయ్యో, ఉయ్యాల పిల్లాణ్ణి ఎత్తుకెళ్ళడానికొచ్చినట్టు మెత్తటి దుప్పటి తెచ్చారే! కూర్చోండి. లోపల తండ్రీకూతుళ్ళు ముస్తాబు చేస్తున్నారు. ఈలోగా టీ పెడతాను."

నల్లతెరకీ ముందుగదికీ మధ్య చెక్కగోడ ఒక్కటే అడ్డం. కప్పుల చప్పుడు కూడా వినిపిస్తుంది. డాక్టరు గారు ఖాళీ గోడ చూసి ఏదో అన్నారు. అంతే, అత్త అందుకుంది. కోరలయ్య కథ చెప్పమని ఆమెని అడగక్కర్లేదు, గోడ వైపు తల తిప్పితే చాలు.

"చివరిసారి కదా, చెప్పనివ్వండి. అప్పటికి మా అన్నయ్యకి పద్నాలుగేళ్ళండీ. సెలవు రోజు. మా నాన్న గనిలో మేస్త్రీ. ఆయనకి అన్నం క్యారియర్ పట్టుకుని, అంత ఎండలో, ఒక్కడే బయల్దేరాడు..."

డాక్టరు గారు ఈ కథ వందసార్లు విన్నారు. అయినా "ఒక్కడేనా!" అన్నారు, అనాల్సిన చోట.

"ఒక్కడేనండీ!"

తెర వెనక పెద్దమేస్త్రీ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఒక్కణ్ణే కాదు" అన్నాడు, చెక్కగోడ అవతలికి వినపడనంత మెల్లగా. "అది కూడా ఉంది."

కూతురికి ఒక్కసారిగా బోధపడలేదు. "అదంటే? అత్తా?"

"ఆరేళ్ళది. నా చొక్కా పట్టుకుని వదిలితేగా. గనిలోకి దాన్ని తీసుకెళ్ళనని మా అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. అయినా తీసుకెళ్ళాను. పలకలు మెట్లుమెట్లుగా పేర్చి ఉంటాయి కదా, ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి గెంతడం మొదలెట్టింది. వద్దే, వద్దే అంటూనే ఉన్నాను. బోర్లా పడింది. మూతి పలకకి కొట్టుకుంది. నోరంతా రక్తం."

ముందుగదిలోంచి అత్త గొంతు ఉత్సాహంగా సాగుతోంది. "...అందరూ ఆ పలక మీద కూర్చుని బీడీలు కాల్చుకున్నవాళ్ళేనండీ, ఎవరికీ కనిపించలేదు. మా అన్నయ్య కళ్ళు అలాంటివి..."

"నా కళ్ళేం కాదు" అన్నాడు పెద్దమేస్త్రీ. "అది ఏడుస్తూ ఏమందో తెలుసా? 'అన్నయ్యా, రాయి నన్ను కరిచింది' అంది."

చిన్నమేస్త్రీకి నవ్వొచ్చేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోనే కన్నీళ్ళు కూడా వచ్చాయి, వాటిని ఆపడానికి ఆమె ప్రయత్నించలేదు.

"రక్తం నాన్న కంట పడుతుందని సీసాలో నీళ్ళు పోసి పలక కడిగాను. తడి రాయి మీద గోధుమరంగు గీత తేలింది. ఆ గీతకి పళ్ళు. దాని మూతి పడింది సరిగ్గా వీడి దవడ మీదే. నిజంగానే కరిచాడు. ఇంటికెళ్ళి మెట్ల మీంచి పడిందని చెప్పాను. వారం రోజులు జ్వరం దానికి. లేచేసరికి ఏమీ గుర్తులేదు. మెట్ల మీంచి పడ్డావే అంటే అవునంది. ఈలోగా నాన్నకి పలక చూపించాను. మావాడు కనిపెట్టాడని ఆయన గని గనంతా చెప్పుకున్నాడు. పేపర్లో నా ఫొటో వేశారు. అప్పుడు నోరు విప్పితే మెట్ల సంగతి బయటపడుతుంది. అమ్మ చీపురు తిరగేస్తుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. యాభై రెండేళ్ళయింది."

"మరి పన్ను?"

"పలక పగుల్లో ఇరుక్కుని ఉంది. అగ్గిపెట్టెలో దాచాను. ఆ తర్వాత నాలుగేళ్ళు దాన్ని బోసిదానా అని ఏడిపించాను కూడా, సిగ్గులేకుండా. ఇరవయ్యొకటో ఏట వీణ్ణి శుభ్రం చేస్తుంటే చిన్నపళ్ళ వరసలో ఒకచోట ఖాళీ కనిపించింది. పెట్టి చూశాను. కుదిరింది. కనిపెట్టిన మనిషి పేరెలాగూ లేదు, పన్నైనా ఉండనీ అనుకున్నాను. ఎర్రపటం గీస్తే ఏం పన్నని అడుగుతారు. అందుకే పటమే గీయలేదు."

ఇంత ప్రేమ, ఇంత పిరికితనం ఒకే మనిషిలో ఉంటాయా అని మీరడగొచ్చు. మా ఇళ్ళల్లో ఉన్నాయి, మీ ఇళ్ళల్లో కూడా వెతకండి.

*

కొన్నవాళ్ళకి ఇచ్చే హామీకాగితం బల్ల మీద ఉంది. నాలుగు వరసలు. మొదటిది చేప వివరం, చిన్నమేస్త్రీ అప్పటికే నింపేసింది. రెండోది చేర్పులు. మూడోది కనుగొన్నవారు. నాలుగోది అచ్చులోనే ఉంటుంది, 'కనుగొన్నవారి సమ్మతితో ఇస్తున్నాం' అని. అది ఈ దుకాణం తెరిచిన రోజునుంచీ ఉన్న పద్ధతి. గనిలో ఎవరి చేతికి దొరికిందో ఆ మనిషిని పిలిచి, కూర్చోబెట్టి, ఇష్టమేనా అని అడిగి, వాళ్ళు ఊ అన్నాకే అమ్ముతారు. అడిగేది ఎప్పుడూ అత్తే.

"పన్ను ఎర్రగా గీసెయ్" అన్నాడు తండ్రి. "పాలపన్నని కూడా రాయి. ఎవరిదంటే నీదని చెబుదాం. డాక్టరు గారు నవ్వుకుంటారు, అంతే."

"కనుగొన్నవారు?"

"ఎప్పుడూ ఉన్న పేరే ఉండనీ తల్లీ." ఆయన గొంతు బతిమాలుతోంది. "విన్నావుగా బయట. నలభై ఏళ్ళుగా దానికి అదే కథ. అన్నయ్య కనిపెట్టాడు, అన్నయ్య కళ్ళు అలాంటివి. నన్ను చూసి ఎవరైనా ఇంత గర్వపడ్డారంటే అదొక్కతే. ఇప్పుడు అదంతా అబద్ధమంటే దానికేం మిగులుతుంది?"

"చేప మిగులుతుంది. నువ్వూ మిగులుతావు. అంతకన్నా ఏం కావాలి అత్తకి?"

ఆయన బల్ల మీది సున్నపు పొడిని వేలితో పక్కకి తోశాడు.

"నాన్నా, నేను సంతకం పెట్టే మొదటి పెద్ద కాగితం ఇది. గోడ నాకిస్తున్నానన్నావు. ఇలా ఇస్తే నాకు వద్దు."

ఆమె ఎర్ర పెన్సిలు తీసింది. కోరలయ్య బొమ్మ గీసి, దవడలో ఒక్క పన్నుని ఎర్రగా నింపి కాగితానికి జతచేసింది. చేర్పుల వరసలో ఉన్నది ఉన్నట్టు రాసింది. మూడో వరస దగ్గరికొచ్చి ఆగి, కలం తండ్రికి ఇచ్చింది.

"ఇది మాత్రం నువ్వే రాయాలి."

ఆయన చెయ్యి వణుకుతోంది. ఎప్పటి వణుకో, ఇప్పటి వణుకో చెప్పడం కష్టం. ఆమె చెయ్యి పట్టుకోలేదు, కాగితం కదలకుండా రెండు అంచులూ నొక్కి పట్టుకుంది. రెండు మాటలు రాయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. కానీ చదవొచ్చు.

*

కోరలయ్యని చక్రాల బల్ల మీద ముందుగదిలోకి తోసుకొచ్చారు. డాక్టరు గారు లేచి నిలబడి, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశారు. అత్త మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు ముక్కు మీద పెట్టుకుని, కాగితం అందుకుని, ముద్ర డబ్బా దగ్గరికి లాక్కుంది. పైకి చదవనిదే ముద్ర పడదు. చదివేటప్పుడు ఆమె గొంతు రైల్వే స్టేషన్లో ప్రకటనలా మారిపోతుంది.

"చేప: కోరలు గల వేటచేప. పొడవు: నాలుగడుగుల రెండంగుళాలు. చేర్పులు..." ఆగింది. "ఇదేంటే? ఎర్రపటమేంటి? మా అన్నయ్య చేపకి ఎర్ర పెన్సిలా?"

"చదువు అత్తా."

"చేర్పులు: ఒకటి. చిన్నపళ్ళ వరసలో. మనిషి పాలపన్ను."

"ఏదీ, ఏదీ!" డాక్టరు గారు సంచిలోంచి భూతద్దం లాగి పలక మీదకి వంగారు. ఆయన మొహం బడి వదిలినప్పటి పిల్లాడిలా వెలిగిపోయింది. "ఓహో! కోరపన్ను! ఎంత బాగా కుదిరిందండీ! పన్నెండేళ్ళు కింద కూర్చుని చూశాను, నాకు తెలియనే లేదు. అరే, నన్నే మోసం చేశారే!"

"నీదటే?" అని అత్త కోడలి బుగ్గ పొడిచింది. "చెప్పనేలేదు మీ నాన్న!"

"నాది కాదు. ఇంకా ఉంది, చదువు."

అత్త మూడో వరసకి వెళ్ళింది. ఆ వంకర అక్షరాలు చూసి కాగితాన్ని కాస్త దూరంగా పెట్టుకుంది.

"కనుగొన్నవారు: మా చెల్లి."

తల ఎత్తి అన్న వైపు చూసి పకపకా నవ్వింది. "అన్నయ్యా, నేను కాక నీకింకో చెల్లెలుందా ఏంటి?"

ఎవరూ నవ్వలేదు. డాక్టరు గారు కూడా భూతద్దం దించేశారు. అత్త నవ్వు సగంలో ఆగిపోయింది. అన్న మొహం చూసింది, కోడలి మొహం చూసింది, ఆ ఎర్ర పన్ను బొమ్మ చూసింది. ఆమె కింది పెదవి మీద చిన్న గీతలా ఒక మచ్చ ఉంటుంది. వేలు దాని మీదకి వెళ్ళింది.

"మెట్ల మీంచి కాదు చెల్లీ" అన్నాడు పెద్దమేస్త్రీ.

తెర వెనక కూతురికి చెప్పినదంతా మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. ఈసారి పిల్లల్లా చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. ఒట్టూ, క్యారియరూ, రక్తం, సీసా నీళ్ళూ, అగ్గిపెట్టే. రాయి కరిచిందన్న మాట దగ్గర ఆయన ఆగితే కూతురు అందుకుని పూర్తి చేసింది.

అత్త వేలు ఇంకా పెదవి మచ్చ మీదే ఉంది.

"అమ్మ కొడుతుందనా?" అంది.

"ఊ."

"దానికి యాభై రెండేళ్ళా! అమ్మ పోయి ఎన్నేళ్ళయింది అన్నయ్యా!"

"ఎప్పుడో భయం పోయింది చెల్లీ. సిగ్గు మిగిలింది."

అత్త కళ్ళద్దాలు తీసేసింది. ఆమెకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "ఎంతమందికి చెప్పాను! ఒక్కడే వెళ్ళాడు, ఒక్కడే వెళ్ళాడు అని. పక్కన కూర్చుని వింటూ ఉన్నావు కదా. నా చెవిలో ఒక్కసారి చెప్పాల్సింది. నేనెవరికీ చెప్పేదాన్ని కాదు, అలాగే నీ గొప్పే చెప్పుకునేదాన్ని. నాకు మాత్రం తెలిసుండేది."

పెద్దమేస్త్రీ వెళ్ళి ఆమె పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె చీరకొంగుతో ముక్కు తుడుచుకుని, అలవాటుగా ఆయన చొక్కా మీది సున్నం కూడా దులిపింది. దులిపాక గానీ తనకి కోపం వచ్చిందన్న సంగతి గుర్తు రాలేదు, చెయ్యి వెనక్కి తీసుకుంది.

డాక్టరు గారు దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, చెప్పులతోనే పరాయి ఇంట్లోకి వచ్చేసినవాడిలా ఇబ్బందిగా కదిలారు. "నేను ఇంకో రోజు రానా అండీ?"

"కూర్చోండి" అంది అత్త. కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నాలుగో వరస పైకి చదివింది. ఈసారి స్టేషన్ గొంతు రాలేదు. "కనుగొన్నవారి సమ్మతితో ఇస్తున్నాం." ముద్ర చేతిలో పట్టుకుని అన్న వైపు తిరిగింది. "ఎంతమందిని అడిగాను ఈ కుర్చీలో కూర్చుని. నన్నెవరూ అడగలేదు. అడుగు అన్నయ్యా."

పెద్దమేస్త్రీ ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. "ఇష్టమేనా చెల్లీ, ఇచ్చెయ్యడం?"

గదిలో అందరూ ఆమె చేతిలోని ముద్ర వైపే చూస్తున్నారు. ఆమె దాన్ని డబ్బాలో పెట్టి మూత వేసింది.

"వీడు నన్ను కరిచిన చోటు చూడకుండా ఎలా చెప్పను? నాకా రోజు ఒక్క ముక్క గుర్తులేదు. అందరి కథా తెలుసు నాకు, నాదే తెలియదు." లేచి నిలబడింది. తాళాలు తీసుకుంది. పట్టపగలు ఆ దుకాణానికి తాళం పడటం చిన్నమేస్త్రీ పుట్టాక చూడలేదు. "డాక్టర్ గారూ, గనికి వెళ్ళాలి. మీ వ్యాన్‌లో నలుగురం పడతామా?"

"పడతామండీ! ఎందుకు పడం!" అంటూ డాక్టరు గారు లేచి, దుప్పటి కోరలయ్య మీద కప్పేశారు.

అందరూ గుమ్మం దాకా వచ్చారు. పెద్దమేస్త్రీ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఏం, రావా?" అంది అత్త.

"ఆ చోటికి వెళ్తే" అన్నాడాయన, నేల చూస్తూ, "నీకు ఇంకోటి కూడా చెప్పాలి చెల్లీ. అమ్మాయికి కూడా చెప్పలేదు."

అత్త వెనక్కొచ్చి, ఆయన వణికే చేతిని రెండు చేతులతో పట్టుకుని లాగింది.

"దారిలో చెబుదువుగాని, లే."